ఆడేది మనం, పద్దు రాసేదెవరు?

ఆగస్టు నెల మొదలవగానే మన తండాలకు, కాలనీలకు ఫోన్లు మొదలవుతాయి. "తొమ్మిదో తేదీ ప్రోగ్రాం ఉంది, ఇరవై మంది ఆడపిల్లల్ని డ్రెస్సులతో పంపండి." బస్సు వస్తుంది. ఎండలో గంటలకొద్దీ నిలబెడతారు. పెద్దాయన కారు దిగగానే రెండు నిమిషాలు ఆడతాం. ఫోటో తీసుకుంటారు. అన్నం పొట్లం ఇచ్చి బస్సు ఎక్కిస్తారు. 1994లో ఐక్యరాజ్యసమితి ఆ రోజును ఆదివాసుల దినంగా ప్రకటించింది. మన పేరు మీద ఉన్న ఆ రోజున కూడా ఎవరు ఎప్పుడు ఆడాలి, ఎంతసేపు ఆడాలి, ఎంత ఇవ్వాలి అనేది మనం తేల్చడం లేదు.

ఆ కార్యక్రమానికి ఒక బడ్జెట్ ఉంటుంది. షామియానాకు ఇంత, మైకుకు ఇంత, పూలదండలకు ఇంత అని ఎవరో రాస్తారు. కళాకారులకు ఎంత రాశారో మనకు తెలీదు. అడిగినవాళ్లం కూడా కాదు. ఎందుకంటే మనల్ని వేదిక మీదికే పిలుస్తారు. వేదిక వెనకాల ఉన్న బల్ల దగ్గరికి ఎవరూ పిలవరు.

ఈ వ్యాసం ఆ బల్ల గురించి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఉన్న మన సుగాలి, ఎరుకల, యానాది, నక్కల పిల్లల్లో కొందరైనా ఆ బల్ల దగ్గర కూర్చునే పనిని బతుకుదెరువుగా నేర్చుకోవాలి. దాన్ని కళా నిర్వహణ అంటారు. ఊరి జనాన్ని కలుపుకొని చేస్తే సామాజిక కళ అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. ఆడేవాళ్లకు, చూసేవాళ్లకు, డబ్బు పెట్టేవాళ్లకు మధ్య నిలబడి, ఆడేవాళ్ల పక్షాన లెక్క చూడటం.

"అదేం ఉద్యోగమప్పా, ఎక్కడా వినలేదే" అంటారు ఇంట్లో. విన్నారు. పేరు తెలీదంతే. పాత చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లో భారతం జరిగేటప్పుడు చూడండి. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యలో అర్జునుడు తపస్సు మాను ఎక్కాలి. చివరి రోజు దుర్యోధన వధ, ఆ తర్వాత అగ్నిగుండం. దీనికి చందా వసూలు చేసేదెవరు? నాటక బృందానికి బయానా ఇచ్చేదెవరు? హరిదాసుకు బస, భోజనం చూసేదెవరు? కరెంటు కనెక్షన్, పోలీసు పర్మిషన్, వాన వస్తే ఏం చేయాలన్న ఆలోచన? ఒక కమిటీ ఉంటుంది. కుప్పం గంగమ్మ జాతరకు, పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు కూడా ఇలాంటి ఏర్పాట్లే కావాలి. పెద్ద నగరాల్లో జీతమిచ్చి చేయించే కళా నిర్వహణలోనూ ఉండేవి ఈ పనులే. తేడా ఏమిటంటే ఇలాంటి కమిటీల్లో మనవాళ్లు కనిపించడం అరుదు. డప్పు కొట్టడానికి, దివిటీ పట్టడానికి, బుట్టలు అల్లి ఇవ్వడానికి మాత్రం ఉంటాం.

నిర్వహణ చేతిలో ఉన్నవాడు ఏం చేయగలడో తెలియడానికి మదనపల్లెనే చూడండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. జనగణమనను అక్కడ పాడారు, అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. ఇది మనందరం బడిలో చదువుకున్నదే. చదువుకోనిది ఇంకొకటి ఉంది. ఆ పాట 1911లోనే కలకత్తాలో పాడినది. మదనపల్లెలో దాని బాణీని స్వరాలుగా కాగితం మీదికి ఎక్కించడంలో ముందు నిలిచింది మార్గరెట్ కజిన్స్. ఆమె ఐర్లండులో సంగీతం చదివిన మనిషి. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ అప్పుడు ఆ కాలేజీ ప్రిన్సిపాల్. పిల్లల చేత ఆ పాట పాడించే అలవాటు ఆ కాలేజీలోనే పడింది. పాట పుట్టినచోటు వేరు. దాన్ని రాసి, నేర్పి, పదిమంది నోళ్లలో నిలబెట్టిన ఏర్పాటు మదనపల్లెలో జరిగింది.

ఆ జేమ్స్ కజిన్స్ తర్వాత ఏం చేశాడో కూడా చూడాలి. 1924లో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో చిత్రశాల ఏర్పాటుకు సాయం చేశాడు. తిరువాన్కూరు సంస్థానానికి కళా సలహాదారుగా ఉండి 1935లో తిరువనంతపురంలో శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీ తెరిపించాడు. 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఆ గ్యాలరీలకు ఆయన బొమ్మలు గీయలేదు. ఏ బొమ్మ గోడ మీదికి ఎక్కాలి, ఎవరిని పిలవాలి, ప్రభుత్వం చేత ఎలా ఖర్చు పెట్టించాలి అని చూశాడు. అంటే మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న ఉద్యోగం వందేళ్ల కింద మన మదనపల్లె మనిషే చేశాడు. అదే కాలంలో ఆ ఊరికి కొన్ని మైళ్ల దూరంలో తండాల్లో హోలీకి లేంగీ పాటలు పాడుతున్నారు, తీజ్‌కు గోధుమ మొలకల చుట్టూ ఆడపిల్లలు ఆడుతున్నారు. ఆ పాటలకు స్వరం రాసే మార్గరెట్ ఎవరు? వాటికి ఒక గది ఇప్పించే జేమ్స్ ఎవరు? అప్పుడు లేరు సరే. ఇప్పుడు మీరున్నారు కదా.

మన వైపు పరిస్థితి ఇంకాస్త కష్టం. ఎందుకంటే చిత్తూరు సీమలో ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు. మనం మైదానంలో, ఊరి చివర, చెరువు గట్టున, తోటల్లో చెల్లాచెదురుగా ఉన్నాం. ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన కళ అనగానే పోస్టర్ మీద అరకు థింసా బొమ్మ వేస్తారు. థింసా గొప్పదే, అది మన అక్కచెల్లెళ్లదే. కానీ ఎరుకల అవ్వ సోది చెప్పే తీరు కళ కాదా? యానాది భాగోతం కళ కాదా? ఫేటియా, కాంచళి మీద అద్దాలు కుట్టే చేతి పని? ఢాడీలు పాడే వంశకథలు? వీటికి పోస్టర్ లేదు, పద్దు లేదు, కాబట్టి నిధీ లేదు. పైగా ఇక్కడ మనం మాట్లాడే భాషలే చూడండి. సుగాలీల గోర్‌బోలి, ఎరుకల భాష, నక్కలవాళ్ల వాగ్రీ, యానాదుల తెలుగు. పక్కనే తమిళం, కన్నడం. ఇన్ని భాషల మధ్య కార్యక్రమం నడపాలంటే బయటి నుంచి వచ్చిన మేనేజర్‌కు దుబాసీ కావాలి. మీకు అక్కర్లేదు. అది మీ అర్హత. బయోడేటాలో మొదటి లైనులో రాయాల్సిన అర్హత.

నిర్వహణ లేకపోతే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. దక్కలి కులానికి చెందిన కిన్నెర మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన కట్టడాల దగ్గర కూలి పనికి వెళుతున్నారని పత్రికల్లో వచ్చింది. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. బిరుదు ఇచ్చినవాళ్లున్నారు, చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. ఆగిన వేతనం ఫైలు ఏ టేబుల్ మీద ఉందో వెళ్లి కనుక్కునే మనిషి ఆయన పక్కన ఉండాల్సింది. గుస్సాడీ కనకరాజు, కోయ డోలీ కథకుడు సకిని రామచంద్రయ్య ఇద్దరూ పద్మశ్రీలే. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. అలాంటి పెద్దలు పోయినప్పుడు మనం సంతాపం పోస్టు పెడతాం. వాళ్లు పాడినదంతా రికార్డయి, వాళ్ల ఊరివాళ్ల చేతిలోనే భద్రంగా ఉంటే ఆ సంతాపానికి ఒక అర్థం.

పుంగనూరు ఆవు సంగతి తీసుకోండి. పొట్టి ఆవు, ముద్దుగా ఉంటుందని ఇప్పుడు దేశమంతా వెతుకుతున్నారు. ఒకప్పుడు ఆ జాతి అంతరించే దశకు వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో మందను పెట్టి, ఏ ఆవుకు ఏ దూడ పుట్టిందో చూసుకుంటూ కాపాడారు. ఆవుకు ఒక రిజిస్టర్ ఉంది. మా తండాలో ఏ అవ్వకు ఎన్ని పాటలొచ్చు, ఆమె దగ్గర ఎవరు నేర్చుకున్నారు అనే రిజిస్టర్ ఎక్కడుంది? అది రాయడం మీరు చేయగలిగిన మొదటి పని. దానికి డిగ్రీ అక్కర్లేదు, నోటు పుస్తకం కావాలి.

చేసి చూపించినవాళ్లు ఉన్నారు. అహ్మదాబాద్‌లోని ఛారానగర్‌లో ఛారా జాతివాళ్లు ఉంటారు. నేరస్థ జాతుల చట్టం వాళ్ల మీద వేసిన ముద్ర, మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఎరుకల మీద వేసిన ముద్ర ఒకటే. 1952లో చట్టం పోయినా పోలీసు చూపు పోలేదు. 1998లో పశ్చిమ బెంగాల్‌లో బుధన్ శబర్ అనే ఆదివాసీ కస్టడీలో చనిపోయాడు. ఆ వార్త విని ఛారా యువకులు అతని కథను నాటకంగా ఆడారు. అలా బుధన్ థియేటర్ పుట్టింది. మహాశ్వేతాదేవి, గణేశ్ దేవీ వెనక నిలబడ్డారు. వాళ్లు నాటకం ఒక్కటే పెట్టుకోలేదు, కాలనీలో లైబ్రరీ పెట్టుకున్నారు. ఆ గదిలో కూర్చున్న పిల్లల్లో కొందరు తర్వాత విలేకరులు, లాయర్లు, సినిమా తీసేవాళ్లు అయ్యారు. ఒక నాటక బృందం మొత్తం కాలనీకి చదువుల దారి తెరిచింది.

ఇంకొకటి మనకు బాగా దగ్గర. కుప్పం నుంచి కృష్ణగిరి దాటి వెళితే తమిళనాడు ధర్మపురి జిల్లా వస్తుంది. అక్కడ సిత్తిలింగి లోయలో లంబాడీ తండాలున్నాయి. పాత కుట్టు పని రెండు తరాలుగా ఆగిపోయింది. బాగా వచ్చినవాళ్లు ఇద్దరు పెద్దామెలు మిగిలారు. 2006లో వాళ్ల చేత కుర్ర ఆడవాళ్లకు నేర్పించడం మొదలుపెట్టారు. అక్కడ ఆసుపత్రి నడిపే డాక్టర్ లలిత తోడుగా నిలిచారు. దానికి పేరు పోర్గై. లంబాడీలో గర్వం అని అర్థం. ఇప్పుడు పదుల మంది ఆడవాళ్లు ఇంటి దగ్గర, పిల్లల్ని చూసుకుంటూ కుట్టి సంపాదించుకుంటున్నారు. కుట్టడం అవ్వలకు ముందే వచ్చు. కొత్తగా వచ్చినవి గుడ్డ కొలతలు, కూలి లెక్క, అమ్మకం, నాణ్యత చూడటం. అంటే నిర్వహణ. మన తండాల్లో కూడా అద్దాల రవికె దాచుకున్న అవ్వ ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆమె పెట్టె తెరిపించే మనవరాలు కావాలి.

ఇక దారి ఎక్కడుందో చూద్దాం. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో పెట్టారు. పక్క రాష్ట్రాల సహకారంతో పెట్టిన యూనివర్సిటీ అది. అందులో జానపద, గిరిజన అధ్యయనాల విభాగం ఉంది. మన గురించి పరిశోధన మన గడప దగ్గరే జరుగుతుంటే మనం సమాచారం ఇచ్చేవాళ్లుగానే మిగలడం ఎందుకు? సేకరణ, రికార్డింగ్, వర్గీకరణ నేర్చుకునే విద్యార్థులుగా వెళ్దాం. రైలెక్కితే కుప్పం నుంచి బెంగళూరు కొన్ని గంటల్లోపే. అక్కడ ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ 1995 నుంచి కళా పరిశోధనకు, కళా సాధనకు గ్రాంట్లు ఇస్తోంది. దరఖాస్తు భారతీయ భాషల్లో రాయొచ్చు, తెలుగులో రాయొచ్చు. ఆ సంస్థే మరికొందరితో కలిసి నాటక బృందాలకు నిర్వహణ నేర్పే స్మార్ట్ అనే కోర్సు కూడా నడిపింది. తంజావూరులో 1986 నుంచి దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం ఉంది. ఆంధ్రప్రదేశ్ కూడా దాని పరిధిలోదే. వాళ్ల ఉత్సవాలకు బృందాలను పంపుతారు. మన బృందం పేరు వాళ్ల జాబితాలో ఉండాలంటే ఎవరో ఒకరు ఫోటోలు, వీడియో, బృందం వివరాలు పద్ధతిగా పంపాలి.

కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. జానపద, సంప్రదాయ కళలు కూడా అందులో ఉన్నాయి. 25 నుంచి 40 ఏళ్లవాళ్లకు జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000. 40 దాటినవాళ్లకు సీనియర్ ఫెలోషిప్ నెలకు 20,000. అయితే స్కాలర్‌షిప్‌కు గురువు దగ్గర ఐదేళ్లు నేర్చుకున్నట్టు చూపాలి. సంగీత కళాశాలలో చదివిన పిల్లకు సర్టిఫికెట్ ఉంటుంది. మన పిల్లకు గురువు వాళ్ల అవ్వ. అవ్వ చేత గురువుగా వేలిముద్ర వేయించి, సర్పంచ్ చేతో, టీచర్ చేతో ధ్రువీకరణ రాయించి, వీడియో జతచేసి పంపితే అప్పుడు దరఖాస్తు నిలబడే అవకాశం ఉంటుంది. ఈ కాగితం పని తెలిసిన ఒక్క మనిషి ఉంటే ఒక తండా నుంచి ఇద్దరు ముగ్గురు దరఖాస్తు చేసుకోగలరు.

బృందాన్ని సంఘంగా రిజిస్టర్ చేయించాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద ఉండాలి, ఎవరి సొంత ఖాతా మీదా కాదు. చాలా గ్రాంట్లకు మూడేళ్ల లెక్కలు అడుగుతారు. కాబట్టి ఈ రోజు మొదలుపెడితే మూడేళ్ల తర్వాత పనికొస్తుంది. ఆలస్యం చేసినకొద్దీ ఆ మూడేళ్లు వెనక్కి జరుగుతుంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి రికార్డింగ్. ఎవరో కెమెరా పట్టుకొని తండాకు వస్తారు, పాట పాడించుకొని వెళ్తారు. కొన్నాళ్లకు అది ఏదో చానల్‌లో లక్షల వ్యూస్‌తో కనిపిస్తుంది. పాడిన అవ్వ పేరు కూడా ఉండదు. కాపీరైట్ చట్టం 1957లోని 38వ సెక్షన్, దాని తర్వాతి సెక్షన్లు ప్రదర్శకులకు హక్కులు ఇస్తున్నాయి. ఒప్పుకోకుండా రికార్డు చేయడం, అమ్ముకోవడం తప్పు. పేరు వేయమని అడిగే హక్కు 2012 సవరణతో వచ్చింది. సినిమాకు వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక మాత్రం ఆ సినిమాలో వాడకాన్ని ఆపలేం. అందుకే సంతకానికి ముందే రాయల్టీ సంగతి కాగితం మీద ఉండాలి. చదివి వినిపించకుండా అవ్వ చేత వేలిముద్ర వేయించడానికి వీల్లేదు అని చెప్పేవాడే నిజమైన నిర్వాహకుడు. ఒక పేజీ అనుమతి పత్రం తెలుగులో తయారుచేసి పెట్టుకోండి. ఏ పాట, ఎవరు పాడారు, దేనికి వాడతారు, ఎంత ఇస్తారు, కాపీ మాకెప్పుడు ఇస్తారు. ఐదు లైన్లు. కొన్ని పాటలు, కొన్ని మాటలు బయటివాళ్ల ముందు పాడకూడనివి ఉంటాయి. వద్దు అనే హక్కు కూడా ఆ పత్రంలో ఉండాలి.

ఇందులో డబ్బుందా? నిజం చెప్పుకుందాం. నెల మొదటి తారీఖున జీతం పడే కొలువు కాదు. మొదటి రెండు మూడేళ్లు ఇది పక్క పనిగానే నడుస్తుంది. టమోటా మండీ సీజన్‌లో మండీకి పోవాల్సి వస్తుంది, ఇంట్లోవాళ్లు డీఎస్సీకి, గ్రూప్స్‌కు చదవమంటారు. చదవండి. ఆ చదువుకు ఇది అడ్డం కాదు. టీచర్ అయితే బడిలో, వార్డెన్ అయితే హాస్టల్‌లో, సచివాలయంలో చేరితే ఊళ్లో ఈ పని కొనసాగించొచ్చు. పూర్తిగా ఇందులోకి దిగేవాళ్లకు మ్యూజియాలు, సాంస్కృతిక కేంద్రాలు, పిల్లల చదువు మీద పనిచేసే సంస్థలు, పుస్తక, నాటక ఉత్సవాలు ఉన్నాయి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీవాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో ఊరి కథలను, బొమ్మలాటను పాఠంలో భాగం చేశారు. ఆ పద్ధతి దేశంలో చాలా చోట్లకు పాకింది. మన కథలతో పాఠం తయారుచేసే మనిషి మనవాడైతే ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి.

చివరిగా ఒక హెచ్చరిక, మనకు మనమే. బల్ల దగ్గర కూర్చున్నాక మనం కూడా కొత్త దళారీ కాకూడదు. వచ్చిన డబ్బెంత, ఆటగాళ్లకు ఎంత, బస్సుకు ఎంత, సంఘానికి ఎంత అనేది ప్రదర్శన అయిన వారంలోపు తండాలో చెట్టు కింద చదివి వినిపించాలి, గోడ మీద రాయాలి. ఆడపిల్లలను ఆడటానికే కాదు, ఖజానా చూడటానికి పెట్టాలి. తీజ్ తొమ్మిది రోజులు బుట్టలకు నీళ్లు పోసి, ఎవరి వంతు ఎప్పుడో తప్పకుండా నడిపేది ఆడపిల్లలే. లెక్క వాళ్లకు కొత్త కాదు.

ఈ పనికి ముహూర్తం చూడక్కర్లేదు. ఈ ఆదివారం ఇద్దరు కలిసి నోటు పుస్తకం తీసుకొని మీ తండాలో, మీ కాలనీలో అరవై దాటిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లండి. పేరు, వయసు, వచ్చిన పాటలు, కథలు, చేతి పని, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు. అంతే రాయండి. ఫోన్ బయటికి తీసేముందు "అవ్వా, రికార్డు చేసుకోనా?" అని అడగండి. ఒప్పుకుంటే తీయండి, వద్దంటే మానండి. ఆ పుస్తకం మన తండాలోనే ఉండాలి. రేపు యూనివర్సిటీవాళ్లు వచ్చినా, టీవీవాళ్లు వచ్చినా, కలెక్టరాఫీసు నుంచి కబురు వచ్చినా ముందు ఆ పుస్తకం ఉన్న ఇంటికి రావాలి. ఆ ఇంటి గడప మీద కూర్చుని మనమే మాట్లాడుదాం.